పైథాన్ ఆపరేటర్లు: కొత్తవారికి మెట్టు మెట్టుగా

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే అందరికీ ఆపరేటర్ల పట్టిక ఒకటి ఎదురవుతుంది. కూడికకు ఈ గుర్తు, తీసివేతకు ఈ గుర్తు, పోల్చడానికి ఈ గుర్తు అని వరసగా ఉంటుంది. పది నిమిషాల్లో చదివేసి "ఇవి మనకు తెలిసినవేగా" అనుకుని ముందుకు వెళ్లిపోతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు నాకు చూపించే తప్పుల్లో చాలావరకు మాత్రం ఆ పట్టిక దగ్గరే మొదలవుతాయి. ప్రోగ్రాం ఆగిపోదు, ఎర్ర అక్షరాలతో హెచ్చరిక రాదు. జవాబు మాత్రం తప్పుగా వస్తుంది. ఎక్కడ తప్పిందో తెలియని ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

అందుకని పట్టిక పక్కన పెడదాం. ప్రతి ఆపరేటర్ దగ్గరా ఆగి మూడే ప్రశ్నలు వేసుకుందాం. దీనికి ఎడమవైపు ఏముంది? కుడివైపు ఏముంది? ఇది నాకు తిరిగి ఏమిస్తుంది? మూడో ప్రశ్నను దాదాపు అందరూ వదిలేస్తారు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

మొదలుపెట్టే ముందు

ఉదాహరణలన్నీ పైథాన్‌లో ఇస్తున్నాను. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన భాష ఇది. ఇప్పుడు అందరూ వాడుతున్న మూడో తరం పైథాన్ 2008 డిసెంబరులో వచ్చింది. మీ కంప్యూటర్‌లో పైథాన్ 3 వేసుకుని, దాంతోపాటే వచ్చే ఐడిల్ అనే ప్రోగ్రాం తెరవండి. మూడు బాణం గుర్తులు కనిపిస్తాయి. వాటి పక్కన ఏదైనా లెక్క టైప్ చేసి ఎంటర్ నొక్కితే జవాబు కింద వరసలో వస్తుంది. దీన్ని షెల్ అంటారు. ఈ వ్యాసం చదువుతున్నంతసేపూ అది పక్కనే తెరిచి ఉంచండి. చదివి ఊరుకుంటే ఆపరేటర్లు రావు, చేత్తో కొట్టి చూడాలి.

రెండు మాటలు ముందే చెప్పాలి. పైథాన్ 3లో వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. "ధర", "మొత్తం", "వయసు" అని రాస్తే ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది, నేనూ అలాగే రాస్తాను. ఒక్క జాగ్రత్త: "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు అక్షరం తర్వాతి అక్షరంతో కలవకుండా కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. వేరియబుల్ పేరులో అది ఉంటే పైథాన్ ఒప్పుకోదు. ఇక రెండోది: అండ్, ఆర్, నాట్, ఇన్, ఇజ్ అనే ఆపరేటర్లను, ట్రూ, ఫాల్స్ అనే విలువలను నేను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు షెల్‌లో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి. మొదటి ఐదూ అన్నీ చిన్న అక్షరాలు. ట్రూ, ఫాల్స్‌లకు మాత్రం మొదటి అక్షరం పెద్దది.

పేర్ల సంగతి కూడా చెప్పుకుందాం. `7 + 2` అనే మొత్తాన్ని ఎక్స్‌ప్రెషన్ అంటారు. అందులో కూడిక గుర్తు ఆపరేటర్, అటూ ఇటూ ఉన్న 7, 2 ఆపరాండ్లు. ఈ మూడు మాటలు చాలు.

మొదటి మెట్టు: లెక్కల ఆపరేటర్లు

కూడిక, తీసివేత మీకు తెలిసినట్టే ఉంటాయి. గుణకారానికి నక్షత్రం గుర్తు వాడతాం. వీటి దగ్గర ఆగాల్సిన పని లేదు. ఆగాల్సింది భాగహారం దగ్గర.

```
>>> 7 / 2
3.5
>>> 8 / 2
4.0
```

రెండో జవాబు చూడండి. 4 కాదు, 4.0 వచ్చింది. పైథాన్ 3లో రెండు పూర్ణాంకాలను ఒక్క గీతతో భాగిస్తే, శేషం లేకుండా సరిగ్గా తెగినా సరే, జవాబు దశాంశ సంఖ్యగానే వస్తుంది. దీన్ని ఫ్లోట్ అంటారు. లిస్టులో (వరసగా పేర్చిన విలువల్లో) ఎన్నో అంశం కావాలో చెప్పే చోట 4.0 ఇస్తే పైథాన్ తీసుకోదు, అక్కడ 4 కావాల్సిందే. పాత పైథాన్ 2లో `7 / 2` అంటే 3 వచ్చేది. పాత పుస్తకమో పాత వీడియోనో చూసి నేర్చుకుంటున్నవాళ్లు ఇక్కడే తికమక పడతారు.

పూర్ణాంకమే కావాలనుకుంటే రెండు గీతలు వాడాలి. శేషం కావాలంటే శాతం గుర్తు. శాతానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, గుర్తు ఒకటే.

```
>>> 7 // 2
3
>>> 7 % 2
1
```

ఈ రెండూ జంటగా ఎంత పనికొస్తాయో ఒక లెక్క చేసి చూద్దాం. 10000 సెకన్లు అంటే ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు?

```
>>> సెకన్లు = 10000
>>> సెకన్లు // 3600
2
>>> సెకన్లు % 3600
2800
>>> 2800 // 60
46
>>> 2800 % 60
40
```

2 గంటల 46 నిమిషాల 40 సెకన్లు. పెద్ద కొలతను చిన్న కొలతలుగా విడగొట్టే పని ఎక్కడ వచ్చినా పద్ధతి ఇదే. రెండు గీతలతో పెద్ద ముక్కలు తీసుకుని, శాతం గుర్తుతో మిగిలింది తర్వాతి అడుగుకు పంపాలి. సరి సంఖ్యా, బేసి సంఖ్యా తేల్చాలన్నా, ప్రతి పదో వరసకు ఒక గీత గీయాలన్నా, చివరి అంకె విడిగా కావాలన్నా ఆధారం శాతం గుర్తే. లెక్కల ఆపరేటర్లలో ఒక్కదాన్నే బాగా నేర్చుకునే తీరిక ఉందంటే దీన్ని ఎంచుకోమంటాను.

ఇప్పుడు రుణ సంఖ్యలు ఇచ్చి చూడండి.

```
>>> -7 // 2
-4
>>> -7 % 2
1
```

చాలామంది -3, -1 వస్తాయనుకుంటారు. సీ, జావా భాషల్లో అలాగే వస్తాయి, ఎందుకంటే అవి జవాబును సున్నా వైపు కుదిస్తాయి. పైథాన్ ఎప్పుడూ కిందివైపు, అంటే చిన్న సంఖ్య వైపు కుదిస్తుంది. -3.5కి కింద ఉన్న పూర్ణాంకం -4. దాన్ని 2తో గుణిస్తే -8, అక్కడి నుంచి -7కి రావాలంటే 1 కలపాలి. అందుకే శేషం 1.

దీని ఉపయోగం గడియారంలో కనిపిస్తుంది. ఇప్పుడు 2 గంటలు. 5 గంటల కిందట ఎంత?

```
>>> (2 - 5) % 12
9
```

సరిగ్గా 9. సీలో ఇదే లెక్క -3 ఇస్తుంది, దాన్ని మళ్లీ సరిచేసుకోవాలి. ఒక భాషలో రాసింది ఇంకో భాషలోకి మార్చేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఘాతానికి రెండు నక్షత్రాలు.

```
>>> 2 ** 10
1024
>>> 2 ^ 10
8
```

రెండో వరస కావాలనే చూపించాను. లెక్కల నోట్సులో, స్ప్రెడ్‌షీట్లలో టోపీ గుర్తును ఘాతానికి వాడే అలవాటు ఉంటుంది. పైథాన్‌లో టోపీకి వేరే పని ఉంది, దాని సంగతి బిట్ల దగ్గర చెబుతాను. అది కూడా ఏదో ఒక సంఖ్య ఇస్తుంది, ఎర్రర్ రాదు. కాబట్టి తప్పు కంటపడదు.

ఘాతంలో ఇంకో రెండు మెలికలున్నాయి. `-2 ** 2` అంటే -4. ముందు 2 వర్గం చేసి, తర్వాత మైనస్ పెడుతుంది. 4 కావాలంటే `(-2) ** 2` అని రాయాలి. `2 ** 3 ** 2` అంటే 64 కాదు, 512. మిగతా లెక్కల ఆపరేటర్లు ఎడమ నుంచి కుడికి సాగితే ఘాతం ఒక్కటే కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ముందు 3 వర్గం 9, తర్వాత 2 ఘాతం 9.

0.1 + 0.2 దగ్గర కాసేపు

```
>>> 0.1 + 0.2
0.30000000000000004
>>> 0.1 + 0.2 == 0.3
ఫాల్స్
>>> 0.5 + 0.25 == 0.75
ట్రూ
```

ఇది చూసి పైథాన్‌లో లోపం ఉందనుకుంటారు. లోపం కాదు. కంప్యూటర్ సంఖ్యలను 2 ఘాతాల మొత్తంగా దాస్తుంది. సగం, పావు, అరపావు లాంటివి అందులో సరిగ్గా ఇముడుతాయి. పదో వంతు ఇమడదు. మూడో వంతును దశాంశాల్లో రాస్తే 0.333 అంటూ ఎలా సాగుతూనే ఉంటుందో, పదో వంతు రెండంకెల పద్ధతిలో అలా సాగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట తెంచాలి. తెంచిన చోట చిన్న తేడా మిగులుతుంది. జావా, సీ, జావాస్క్రిప్ట్‌ల డబుల్ అనే దశాంశ సంఖ్యల్లోనూ ఇదే తేడా ఉంటుంది.

చిన్న తేడాయే కదా అని వదిలేయకూడదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఒక పేట్రియట్ క్షిపణి వ్యవస్థ తన వైపు వస్తున్న క్షిపణిని ఆపలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ కాలాన్ని పదో వంతు సెకన్లలో లెక్కపెట్టేది. పదో వంతును 24 బిట్లలో (0, 1 అంకెల స్థానాల్లో) తెంచి దాచుకునేది. ఆపకుండా దాదాపు 100 గంటలు నడిచేసరికి ఆ తేడాలన్నీ పోగుపడి సెకనులో మూడో వంతు అయ్యాయి. అంత వేగంగా వచ్చే క్షిపణి ఎక్కడుందో తప్పుగా చూపడానికి అది సరిపోయింది.

మీరు పాటించాల్సింది ఇది: దశాంశ సంఖ్యలను సమానమా కాదా అని నేరుగా పోల్చకండి. తేడా తీసి, అది తగినంత చిన్నదా అని అడగండి.

```
>>> తేడా = (0.1 + 0.2) - 0.3
>>> -0.000001 < తేడా < 0.000001
ట్రూ
```

డబ్బు లెక్కలైతే దశాంశాల జోలికే పోకుండా, ఆ కరెన్సీలో అన్నిటికన్నా చిన్న నాణెం లెక్కన పూర్ణాంకాల్లో దాచుకోండి.

రెండో మెట్టు: ఒక్క గీతల జత, రెండు గీతల జతలు

సమానం గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త పరిచయం చేశాడు. రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేముంటాయని ఆయన ఉద్దేశం. పైథాన్‌లో మాత్రం ఆ గుర్తుకు "సమానం" అని అర్థం కాదు. కుడివైపు ఉన్నదాని విలువ తేల్చి, ఎడమవైపు పేరుకు తగిలించు అని ఆజ్ఞ.

```
>>> లెక్క = 5
>>> లెక్క = లెక్క + 1
>>> లెక్క
6
```

రెండో వరస గణితంలో అసాధ్యం. ఇక్కడ మామూలే. ముందు కుడివైపు చూస్తుంది: 5 + 1, అంటే 6. ఆ 6ను "లెక్క" అనే పేరుకు తగిలిస్తుంది. ఈ గుర్తున్న వరసను ఎప్పుడూ కుడి నుంచి చదవడం అలవాటు చేసుకోండి, సగం గందరగోళం తీరుతుంది.

ఇదే పనికి `లెక్క += 1` అనే పొట్టి రూపం ఉంది. తీసివేత, గుణకారం, భాగహారం అన్నిటికీ ఇలాంటివి ఉన్నాయి. గుర్తుల వరస మారితే మాత్రం `లెక్క =+ 1` అవుతుంది. దానికి "లెక్కకు ధన 1 ఇవ్వు" అని అర్థం. ఎర్రర్ రాదు, అప్పటిదాకా కూడబెట్టిన సంఖ్య పోయి 1 మిగులుతుంది. సీ, జావా నుంచి వచ్చేవాళ్లు వెతుక్కునే రెండు ప్లస్‌ల ఆపరేటర్ పైథాన్‌లో లేదు.

సమానమా అని అడగడానికి రెండు సమానం గుర్తులు పక్కపక్కన రాయాలి. `లెక్క == 6` అంటే ప్రశ్న. జవాబు ట్రూ లేదా ఫాల్స్. `లెక్క = 6` అంటే ఆజ్ఞ. ఈ తేడా ఎంత ప్రమాదకరమో 2003 నవంబరులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో బయటపడింది. లినక్స్ కెర్నల్ (దాని మూల భాగం) కోడ్ కాపీ ఒకదానిలోకి ఎవరో దొంగతనంగా రెండు వరసలు చొప్పించారు. పైకి చూస్తే "వాడుకరి సంఖ్య సున్నాయేనా" అని పరీక్షిస్తున్నట్టే ఉంది. కానీ అక్కడ ఉన్నది ఒక్క సమానం గుర్తు. అంటే పరీక్షించడం లేదు, వాడుకరి సంఖ్యను సున్నా చేసేస్తోంది. లినక్స్‌లో సున్నా అంటే సర్వాధికారాలూ ఉన్న రూట్ వాడుకరి. ఆ మార్పు అసలు కోడ్ భాండారంలో లేకపోవడం వల్ల వెంటనే దొరికిపోయింది.

సీ భాషలో షరతు లోపల ఒక్క సమానం రాసినా ఒప్పుకుంటుంది కాబట్టి అది సాధ్యమైంది. పైథాన్‌లో షరతు రాయాల్సిన చోట ఒక్క సమానం రాస్తే సింటాక్స్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. కొత్తవాళ్లకు ఇది పెద్ద రక్షణ.

మూడో మెట్టు: పోలికలు

పోలికలు ఆరు: సమానం, సమానం కాదు, చిన్నది, పెద్దది, చిన్నది లేదా సమానం, పెద్దది లేదా సమానం. "కాదు"కి ఆశ్చర్యార్థకం పక్కన సమానం: `!=`. ఆరూ తిరిగిచ్చేది ట్రూ లేదా ఫాల్స్. ఈ రెండు విలువల రకానికి బూల్ అని పేరు, తర్కాన్ని బీజగణితంలా రాయవచ్చని 19వ శతాబ్దంలో చూపిన జార్జ్ బూల్ పేరు మీద పెట్టారు.

పైథాన్‌లో పోలికలను గొలుసుగా రాయవచ్చు. నాకు ఈ భాషలో బాగా నచ్చే సౌకర్యాల్లో ఇదొకటి.

```
>>> మార్కులు = 150
>>> 0 <= మార్కులు <= 100
ఫాల్స్
```

గణితంలో రాసినట్టే రాశాం, సరైన జవాబే వచ్చింది. ఇదే సీలో రాస్తే ముందు `0 <= 150` తేల్చి, అది నిజం కాబట్టి 1 అనుకుని, ఆ 1ని 100తో పోల్చి "నిజమే" అంటుంది. 150 మార్కులు చెల్లిపోతాయి.

ఇప్పుడు మన మొదటి రెండు ప్రశ్నలు, అంటే ఎడమ ఏముంది, కుడి ఏముంది అన్నవి, పనికొచ్చే చోటు చూడండి.

```
>>> 10 == 10.0
ట్రూ
>>> "10" == 10
ఫాల్స్
>>> 10 < 9
ఫాల్స్
>>> "10" < "9"
ట్రూ
```

కోట్స్‌లో ఉంటే అది సంఖ్య కాదు, అక్షరాల వరస. స్ట్రింగ్ అంటాం. స్ట్రింగులను నిఘంటువులో పదాల్లాగా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. "1" ముందు వస్తుంది, "9" తర్వాత. అక్కడితో తేలిపోయింది. కీబోర్డు నుంచి వాడుకరి టైప్ చేసింది ఏదైనా పైథాన్‌కు స్ట్రింగ్‌గానే అందుతుంది. దాన్ని ఇంట్ (`int`) అనే ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చకుండా పోలిస్తే ఇలాంటి జవాబులే వస్తాయి.

నాలుగో మెట్టు: అదే గుర్తు, వేరే పని

```
>>> 5 * 3
15
>>> "5" * 3
'555'
>>> "5" + "3"
'53'
```

ఆపరేటర్ ఏం చేస్తుందో నిర్ణయించేవి ఆపరాండ్లు. సంఖ్యల మధ్య ప్లస్ కూడుతుంది, స్ట్రింగుల మధ్య అతికిస్తుంది. నక్షత్రం స్ట్రింగును అన్నిసార్లు వల్లెవేస్తుంది. `"5" + 3` అంటే మాత్రం పైథాన్ టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కూడాలా, అతికించాలా అన్నది అది ఊహించదు. జావాస్క్రిప్ట్ ఊహిస్తుంది: అక్కడ `"5" + 3` అంటే "53", `"5" - 3` అంటే 2. మొదట్లో ఆ ఎర్రర్ విసుగ్గా అనిపించినా, ఆగి చెప్పే భాషే నేర్చుకునేవాళ్లకు మంచిదని నా అభిప్రాయం.

తెలుగు స్ట్రింగులతో ఒక ప్రయోగం చేయండి. నాకు ఇది ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది.

```
>>> "పల్" + "లె"
'పల్లె'
```

మనం ఒత్తు ఎక్కడా టైప్ చేయలేదు. మొదటి స్ట్రింగ్ పొల్లు లకారంతో ముగిసింది, రెండోది లకారంతో మొదలైంది. రెండూ ఆనుకోగానే తెరమీద లావత్తు పడింది. కంప్యూటర్ లోపల తెలుగు అక్షరం ఒకే ముక్కగా ఉండదు. హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు. ప్లస్ వాటిని పక్కపక్కన చేర్చింది, అంతే. ఒత్తుగా మార్చి చూపింది ఫాంటు. అందువల్లే `"క" ఇన్ "కిటికీ"` అని అడిగినా ట్రూ వస్తుంది, విడిగా "క" అనే అక్షరం మనకు కంటికి కనపడకపోయినా.

ఐదో మెట్టు: అండ్, ఆర్, నాట్

అండ్ అంటే రెండూ నిజం కావాలి. ఆర్ అంటే ఏ ఒక్కటైనా చాలు. నాట్ తిరగేస్తుంది. ఇంతవరకు తేలికే. వారంలో రోజులకు 1 నుంచి 7 వరకు అంకెలు పెట్టి, శనివారం 6, ఆదివారం 7 అనుకుందాం. ఈ రోజు సెలవా అని అడగాలి. దాదాపు అందరూ మొదటిసారి ఇలా రాస్తారు:

```
>>> రోజు = 3
>>> రోజు == 6 ఆర్ 7
7
```

జవాబు ట్రూ కాదు, ఫాల్స్ కాదు, 7! నెమ్మదిగా చూద్దాం. నోటితో "రోజు ఆరో ఏడో అయితే" అన్నప్పుడు "రోజు" రెండిటికీ వర్తిస్తుంది. పైథాన్‌కు అలా వర్తించదు. ఆర్‌కు ఎడమవైపు `రోజు == 6` ఉంది, అది ఫాల్స్. కుడివైపు ఉట్టి 7 ఉంది. ఎడమది ఫాల్స్ కాబట్టి కుడివైపున్నది ఉన్నదున్నట్టుగా తిరిగిచ్చింది. షరతు రాసే చోట సున్నా కాని ఏ సంఖ్యనైనా పైథాన్ నిజంగానే లెక్కేస్తుంది. అంటే ఈ షరతు వారంలో ప్రతి రోజూ నిజమే. సరైన రూపాలు రెండు:

```
>>> రోజు == 6 ఆర్ రోజు == 7
ఫాల్స్
>>> రోజు ఇన్ [6, 7]
ఫాల్స్
```

రెండోది చదవడానికి హాయిగా ఉంటుంది. ఇన్ అంటే "ఇందులో ఉందా" అని.

పై తప్పులో ఒక నిజం దాగుంది: అండ్, ఆర్ తిరిగిచ్చేది ట్రూ, ఫాల్స్‌లనే కాదు, ఆపరాండ్లలో ఒకదాన్ని. ఆర్ ఎడమవైపు చూస్తుంది. అది నిజంలాంటిదైతే దాన్నే ఇస్తుంది, లేకపోతే కుడివైపుది ఇస్తుంది. సున్నా, ఖాళీ స్ట్రింగ్, ఖాళీ లిస్టు అబద్ధం కిందికి వస్తాయి.

```
>>> పేరు = ""
>>> పేరు ఆర్ "అతిథి"
'అతిథి'
```

పేరు ఇవ్వనివాళ్లకు "అతిథి" అని చూపడానికి ఒక్క వరస చాలు.

ఇంకొకటి. ఎడమవైపుతోనే విషయం తేలిపోతే పైథాన్ కుడివైపు అసలు చూడదు.

```
>>> మొత్తం = 90
>>> సంఖ్య = 0
>>> సంఖ్య != 0 అండ్ మొత్తం / సంఖ్య > 40
ఫాల్స్
```

సున్నాతో భాగిస్తే ఎర్రర్ రావాలి. రాలేదు, ఎందుకంటే ఎడమవైపు ఫాల్స్ అవగానే అండ్ అక్కడే ఆగిపోయింది. అటూ ఇటూ మార్చి రాసి చూడండి, ఎర్రర్ వస్తుంది. కాపలా కాసే షరతు ఎప్పుడూ ముందుండాలి.

ఇప్పటిదాకా నేర్చుకున్నవి కలిపి లీపు సంవత్సరం రాద్దాం. 4తో తెగాలి. 100తో తెగితే మాత్రం కాదు, 400తో కూడా తెగితే అవును.

```
>>> సంవత్సరం = 1900
>>> సంవత్సరం % 4 == 0 అండ్ (సంవత్సరం % 100 != 0 ఆర్ సంవత్సరం % 400 == 0)
ఫాల్స్
```

చేత్తో విప్పితే: 1900ను 4తో భాగిస్తే శేషం 0, మొదటి భాగం ట్రూ. బ్రాకెట్లలో 100తో శేషం 0 కాబట్టి "సున్నా కాదు" అన్నది ఫాల్స్. 400తో శేషం 300, అదీ ఫాల్స్. రెండూ ఫాల్స్ కాబట్టి బ్రాకెట్లు మొత్తం ఫాల్స్, జవాబూ ఫాల్స్. 2000 పెట్టి మీరే విప్పి చూడండి.

ఆరో మెట్టు: సమానమా, అదేనా

```
>>> క = [1, 2]
>>> గ = [1, 2]
>>> క == గ
ట్రూ
>>> క ఇజ్ గ
ఫాల్స్
```

రెండు సమానం గుర్తులు "లోపల ఉన్నవి ఒకటేనా" అని అడుగుతాయి. ఇజ్ "ఇది ఆ వస్తువేనా" అని అడుగుతుంది. ఒకేలా ఉన్న రెండు పెట్టెలు వేరు, ఒకే పెట్టెకు రెండు పేర్లు వేరు. రెండోది ఇలా జరుగుతుంది:

```
>>> చ = క
>>> చ += [3]
>>> క
[1, 2, 3]
```

మనం "క" జోలికి వెళ్లలేదు, అయినా అది మారింది. "చ", "క" ఒకే లిస్టుకు రెండు పేర్లు. లిస్టుల విషయంలో `+=` ఉన్న లిస్టునే పొడిగిస్తుంది. `చ = చ + [3]` అని రాసి ఉంటే కొత్త లిస్టు తయారై "క" అలాగే ఉండేది. పొట్టి రూపం, పొడుగు రూపం ఒకటేనని ఇందాక చెప్పింది లిస్టులకు వర్తించదు.

ఇజ్‌ను సంఖ్యల మీద వాడకండి. మనం మామూలుగా వాడే పైథాన్ -5 నుంచి 256 వరకు ఉన్న పూర్ణాంకాలను ముందే చేసి ఉంచుకుని వాటినే మళ్లీ మళ్లీ వాడుతుంది. అందువల్ల చిన్న సంఖ్యలకు ఇజ్ పనిచేసినట్టే ఉంటుంది, పెద్ద సంఖ్యల దగ్గర మోసం చేస్తుంది.

బిట్ల ఆపరేటర్లు, క్లుప్తంగా

ఇవి మొదటి నెలలో అవసరం పడవు, చూసినప్పుడు గుర్తుపడితే చాలు. సంఖ్యను 0, 1ల వరసగా రాసుకుని ఒక్కో స్థానానికి విడివిడిగా పనిచేస్తాయి. 6 అంటే 110, 3 అంటే 011. `6 & 3` రెండిట్లోనూ 1 ఉన్న స్థానాలు తీసుకుని 2 ఇస్తుంది. `6 | 3` ఏదో ఒకదాంట్లో ఉన్నవన్నీ తీసుకుని 7 ఇస్తుంది. టోపీ గుర్తు ఒక్కదాంట్లోనే ఉన్నవి తీసుకుంటుంది, `6 ^ 3` అంటే 5. లినక్స్‌లో ఫైలు అనుమతులు ఈ పద్ధతిలోనే ఉంటాయి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. చదవడం, నడపడం రెండూ ఉంటే `4 | 1`, అంటే 5.

అండ్ బదులు `&` వాడితే ఏమవుతుందో చూడండి.

```
>>> 1 == 1 అండ్ 2 == 2
ట్రూ
>>> 1 == 1 & 2 == 2
ఫాల్స్
```

రెండో వరసలో పైథాన్ ముందుగా మధ్యలో ఉన్న `1 & 2` తేల్చేసింది, అది 0. మిగిలింది `1 == 0 == 2`.

ఏది ముందు, ఏది తర్వాత

ఘాతం అన్నిటికన్నా ముందు. తర్వాత సంఖ్య ముందుండే మైనస్, ఆ తర్వాత గుణకార భాగహారాలు (రెండు గీతలు, శాతం గుర్తు ఇందులోనే), తర్వాత కూడిక తీసివేతలు, వాటి తర్వాత బిట్ల ఆపరేటర్లు, ఆపైన పోలికలు, చివరికి నాట్, అండ్, ఆర్ ఆ వరసలో. ఇది కంఠతా పట్టమని నేను చెప్పను. అండ్, ఆర్ ఒకే వరసలో కలిసినప్పుడు బ్రాకెట్లు పెట్టమని మాత్రం గట్టిగా చెబుతాను.

12 ఏళ్లలోపు పిల్లలకు, 60 దాటిన పెద్దలకు, ఇద్దరిలోనూ సభ్యులైనవారికే రాయితీ అనుకుందాం.

```
>>> వయసు = 8
>>> సభ్యత్వం = ఫాల్స్
>>> వయసు < 12 ఆర్ వయసు > 60 అండ్ సభ్యత్వం
ట్రూ
>>> (వయసు < 12 ఆర్ వయసు > 60) అండ్ సభ్యత్వం
ఫాల్స్
```

మొదటి వరసలో అండ్ ముందు జరిగి, సభ్యత్వం షరతు పెద్దలకే అంటుకుంది. సభ్యుడు కాని పిల్లవాడికి రాయితీ వెళ్లిపోయింది. ఇందాకటి లీపు సంవత్సరంలో బ్రాకెట్లు తీసేసినా జవాబు మారదు, 400తో తెగేది 4తోనూ తెగుతుంది కాబట్టి. అయినా అక్కడ ఉంచాను. ఆరు నెలల తర్వాత ఆ వరస చదివే మనిషికి ఈ ఆలోచనంతా మళ్లీ చేసే పని తప్పుతుంది.

ఇక మీకో పని. 24 గంటల గడియారంలోని గంటను 12 గంటల గడియారంలోకి మార్చాలి. 15 అంటే 3, 23 అంటే 11 కావాలి. 0కి, 12కి రెండిటికీ 12 రావాలి. ఉట్టి శాతం గుర్తు వాడితే ఆ రెండు చోట్లా 0 వస్తుంది. దాన్ని ఇలా సరిచేయవచ్చు:

```
>>> గంట = 0
>>> గంట % 12 ఆర్ 12
12
```

ఎంటర్ కొట్టే ముందు కాగితం మీద 0, 12, 15, 23 రాసుకుని, ఒక్కోదానికి ఏ ఆపరేటర్ ముందు జరుగుతుందో, దానికి ఎడమ కుడి ఏమున్నాయో, తిరిగి ఏమొస్తుందో పక్కన రాయండి. తర్వాత షెల్‌లో పోల్చుకోండి. నాలుగూ సరిపోతే, నిమిషాలనూ కలిపి `(గంట * 60 + నిమిషం + 45) % 1440` ఏం చేస్తుందో చెప్పండి: రాత్రి 11 గంటల 30 నిమిషాల విలువలు ఇస్తే 15 రావాలి.